పాత స్పోర్ట్స్ కారు.. తొంభై రోజుల గడువు

కారు కొన్నానని ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ తెగ సంతోషపడింది. ఫొటో పంపాక మాత్రం కాసేపు మాట్లాడలేదు. ‘ఇదేంటి నాన్నా, రెండే సీట్లున్నాయి? పైన కప్పు గుడ్డదా?’ అంది. నాన్న ఫోన్ తీసుకుని ఏ మోడల్ అని అడిగారు. 1995 అన్నాను. ‘అంటే నీకంటే రెండేళ్లు పెద్దది. సరే, ఎడ్యుకేషన్ లోన్ ఇంకా ఎంతుంది?’ అన్నారు. అంతే, ఆ రోజు ఇక కారు గురించి మాట రాలేదు.

విజయవాడ దగ్గర ఒక కాలేజీలో మెకానికల్ బీటెక్ చేశాను. తర్వాత మిషిగన్‌లో ఎంఎస్. డెట్రాయిట్ శివార్లలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. ఖాళీ ఉన్నప్పుడు ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల మీద బ్లాగు రాసుకునేవాణ్ని. నా బ్యాచ్‌లో మెకానికల్ చదివినవాళ్లు చాలామంది సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిపోయారు. నేను వెళ్లలేదు. కానీ నిజం ఒప్పుకోవాలంటే, ఎంఎస్ పూర్తయ్యేనాటికి కూడా నా చేత్తో ఒక్క ఇంజిన్ బోల్టు విప్పింది లేదు. నాలుగు స్ట్రోక్‌ల బొమ్మ కళ్లు మూసుకుని వేసేవాణ్ని. బానెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో తెలిసేది కాదు. అందుకే 2023లో ఆ కారు కొన్నాను. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి సెకండ్‌హ్యాండ్ కరోలా ఉంది. ఇది సరదాకి, నేర్చుకోవడానికి.

మియాటానే ఎందుకు?

ఆ కారు పేరు మాజ్డా మియాటా. అమెరికా బయట ఎంఎక్స్-5 అంటారు. దీని పుట్టుక వెనకాల మంచి కథ ఉంది. 1950, 60ల్లో ఎంజీ, ట్రయంఫ్, లోటస్ లాంటి బ్రిటిష్ కంపెనీలు చిన్న చిన్న ఓపెన్ టాప్ కార్లు చేసేవి. నడిపితే భలే సరదాగా ఉండేవి. ఆయిల్ కారడం, వానొస్తే కరెంటు పని చేయకపోవడం కూడా వాటితోపాటే వచ్చేవి. 70ల చివరికి ఆ రకం కార్లు దాదాపు కనుమరుగయ్యాయి. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటోమొబైల్ జర్నలిస్టు మాజ్డా పెద్దల్లో ఒకరైన కెనిచి యమమోటోని కలిసినప్పుడు, అలాంటి కారు మీరెందుకు చేయకూడదని అడిగాడు. హాల్ తర్వాత మాజ్డాలోనే చేరాడు. తొషిహికో హిరాయ్ అనే ఇంజినీరు ప్రాజెక్టును నడిపించాడు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో కారు బయటికొచ్చింది. అమెరికాలో మొదటి ధర 13,800 డాలర్లు. 2016 ఏప్రిల్‌కి 10 లక్షలో కారు తయారైంది. ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడుపోయిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ రికార్డు దీనిదే.

నాది 1.8 లీటర్ ఇంజిన్. 128 హార్స్‌పవర్. ఇవాళ హైదరాబాద్ రోడ్ల మీద తిరిగే టర్బో ఎస్‌యూవీల్లో కొన్నింటికి ఇంతకంటే ఎక్కువే ఉంది. కానీ ఈ కారు బరువు టన్నుకు కాస్త ఎక్కువ, అంతే. ముందూ వెనకా బరువు ఇంచుమించు సగం సగం. ఇంజిన్ ముందుంటుంది, నడిపేది వెనక చక్రాలు. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. థర్డ్ ఇయర్‌లో పుస్తకంలో చదివి, ఎగ్జామ్ రాసి, మర్చిపోయిన వన్నీ ఇక్కడ స్టీరింగ్‌లో చేతికి తెలుస్తాయి. పైగా 1996కి ముందు కారు కాబట్టి కంప్యూటర్ చాలా తక్కువ. ఏదైనా సెన్సర్ పాడైతే బానెట్ కిందున్న చిన్న పెట్టెలో రెండు పిన్నులను ఒక వైరు ముక్కతో కలపాలి. డాష్‌బోర్డులో చెక్ ఇంజిన్ లైటు ఇన్నిసార్లు అని మిణుకుమంటుంది. ఆ లెక్క చూసి కోడ్ తెలుసుకోవాలి. స్కానర్ అక్కర్లేదు.

అలాగని అన్నీ నిజాయతీగా ఉంటాయనుకోకండి. డాష్‌బోర్డు మీద ఆయిల్ ప్రెజర్ మీటర్ ఉంది చూశారూ, 1994 వరకు వచ్చిన కార్లలో అది నిజం మీటరే. 1995 నుంచి అది నామమాత్రం. లోపల ఉన్నది ఆన్-ఆఫ్ స్విచ్. ప్రెజర్ కొంచెం ఉన్నా ముల్లు మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. నేను మూడు నెలలు ఆ ముల్లును చూసి ‘ఆహా, ఇంజిన్ ఎంత ఆరోగ్యంగా ఉందో’ అని మురిసిపోయాను.

వెంకన్న మాగ్నెట్ చెప్పిన నిజం

మొదట చూసిన కారు ఇది కాదు. మిషిగన్‌లోనే 1991 మోడల్, ఎర్ర రంగు, 3,200 డాలర్లు. దూరం నుంచి కొత్త కారులా మెరిసిపోతోంది. నాతో వచ్చిన శ్రీకాకుళం సీనియర్ అన్న జేబులోంచి ఒక మాగ్నెట్ తీశాడు. ఫ్రిజ్ మీద పెట్టుకునే తిరుపతి వెంకన్న మాగ్నెట్ అది. డోరు కింద, వెనక చక్రానికి ముందు ఉండే సిల్ ప్యానెల్ మీద పెట్టాడు. అతుక్కోలేదు, జారి కింద పడింది. రెండోసారీ అంతే. అంటే అక్కడ ఇనుము లేదు. తుప్పు తినేసిన చోట పుట్టీ పూసి, దాని మీద రంగు వేశారు. అమ్మే ఆయన మాకేసి చూడటం మానేశాడు.

తుప్పు అక్కడే ఎందుకు పడుతుందో తెలిస్తే ఈ కారు సగం అర్థమైనట్టే. గుడ్డ టాప్ మీద పడ్డ వాన నీళ్లు సీట్ల వెనక రెండు మూలల్లో ఉన్న గొట్టాల్లోంచి కిందికి పోతాయి. వాటిలో ఆకులు, మట్టి ఇరుక్కుంటే నీళ్లు లోపల నిలిచి, సిల్‌ను లోపలినుంచి తింటాయి. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి బయటి నుంచి అది తింటుంది. ఇంజిన్ పాడైతే ఇంకో ఇంజిన్ దొరుకుతుంది. గేర్‌బాక్స్ కూడా దొరుకుతుంది. బాడీ తుప్పు పడితే మాత్రం కోసి అతికించాల్సిందే. అందుకే పాత కారు కొనేటప్పుడు ఇంజిన్ చప్పుడు వినడం కంటే ముందు నేల మీద పడుకుని కింద చూడాలి. మంచి బట్టలు వేసుకుని వెళ్లొద్దు.

1991 కారుతో ఇంకో సమస్య కూడా ఉందని తర్వాత తెలిసింది. 1990 నుంచి 1991 మధ్య వరకు వచ్చిన 1.6 ఇంజిన్లలో క్రాంక్‌షాఫ్ట్ ముందు కొన పొట్టిగా ఉంటుంది. అక్కడి బోల్టు సరిగ్గా బిగించకపోతే కీ అరిగిపోయి, క్రాంకే పాడవుతుంది. ముందున్న పుల్లీలో 4 గాడులుంటే పొట్టి క్రాంకు, 8 ఉంటే తర్వాతి క్రాంకు. టార్చి వేసి లెక్కపెట్టడానికి నిమిషం చాలు. ఇంత చిన్న విషయం కోసం నాలుగు రాత్రులు చదివాను. కొనే ముందు చదువుకోవడానికి డబ్బు ఖర్చు కాదు కదా!

చివరికి కెంటకీ వెళ్లాం. అక్కడ మా దగ్గరంత ఉప్పు వాడరు. అమ్మే పెద్దాయనకు ముందే ఫోన్ చేసి, ‘మేం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి’ అని అడిగాను. చల్లటి ఇంజిన్ నిజం చెబుతుంది. స్టార్ట్ కాగానే టిక్ టిక్‌మని చప్పుడు. నేను హడలిపోయాను. అది వాల్వుల దగ్గరుండే హైడ్రాలిక్ లిఫ్టర్ల చప్పుడనీ, ఈ ఇంజిన్లలో మామూలేననీ, వేడెక్కితే తగ్గుతుందనీ అన్న చెప్పాడు. రెండు నిమిషాల్లో తగ్గింది. మాగ్నెట్ అన్ని చోట్లా అతుక్కుంది. టైటిల్ కాగితం మీది నంబరూ కారు మీది నంబరూ సరిచూసుకున్నాం. 1,38,000 మైళ్లు తిరిగిన కారు, 4,800 డాలర్లు. అప్పటి రేటులో దాదాపు 4 లక్షల రూపాయలు.

కొన్న ధర అసలు ధర కాదు

కారు కొన్న ఏడాదిలో ఇంకో 2,000 డాలర్లు పెట్టాను. టైర్లు, బ్యాటరీ, ఆయిళ్లు, బ్రేక్ ప్యాడ్లు, టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్. టైమింగ్ బెల్ట్ 60,000 మైళ్లకోసారి మార్చాలి. పెద్దాయన ఎప్పుడు మార్చాడో రసీదు లేదు. రసీదు లేదంటే మార్చలేదనే అనుకోవాలి. ఒక ఊరట ఏంటంటే, ఈ ఇంజిన్‌లో బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు. బండి ఆగిపోతుంది, అంతే. చాలా ఇంజిన్లలో అలా కాదు, తెగితే ఇంజినే పోతుంది. ఇన్సూరెన్స్ వేరే. అందులో మిషిగన్ అమెరికాలోకెల్లా ఖరీదైన రాష్ట్రాల్లో ఒకటి.

పనిముట్లు కొనక్కర్లేదు. ఇక్కడి పార్ట్స్ షాపుల్లో కొన్ని డిపాజిట్ కట్టించుకుని పనిముట్లు ఇస్తాయి, తిరిగిస్తే డబ్బు వెనక్కిస్తాయి. అసలు చిక్కు చోటు. నా అపార్ట్‌మెంట్ లీజులో పార్కింగ్ లాట్‌లో కారు రిపేర్ చేయొద్దని రాసుంది. కాబట్టి శనివారాలన్నీ సీనియర్ అన్నవాళ్ల గ్యారేజీలో గడిచాయి. అక్కడ వదిన పెట్టిన పులిహోర ఖర్చు నేనెక్కడా రాసుకోలేదు.

ఒక్క విషయం గట్టిగా చెబుతా. జాక్ మీద ఎత్తిన కారు కిందికి దూరొద్దు. జాక్ ఎత్తడానికే. దూరాలంటే రెండు వైపులా జాక్ స్టాండ్లు పెట్టి, కారును చేత్తో ఊపి చూసి, అప్పుడు దూరాలి. స్టాండ్లు తెచ్చుకోలేని రోజు ఆ పని చేయకండి.

మొదటి శనివారం నుంచే ఒక స్ప్రెడ్‌షీట్ మొదలుపెట్టాను. తేదీ, మైళ్లు, కనిపించిన లక్షణం, నేను అనుకున్న కారణం, కొలిచి చూసింది, మార్చింది, ఖర్చు, ఫొటో లింకు. ‘అనుకున్న కారణం’ అన్న కాలమ్ చూస్తే సిగ్గేస్తుంది. సగానికి సగం తప్పులే. క్లచ్ పెడల్ నేలకు అంటుకుపోతే క్లచ్ ప్లేటు పోయిందనుకున్నాను. తీరా చూస్తే 25 డాలర్ల స్లేవ్ సిలిండర్ కారుతోంది. ఈ కార్లలో అది పోవడం చాలా మామూలట.

ఉద్యోగం పోయింది, ఆయిల్ కారుతోంది

చదువు అయ్యాక ఎఫ్-1 వీసా మీద ఓపీటీలో పని చేసేవాళ్లకు ఒక లెక్క ఉంటుంది. మొత్తం మీద 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. నాకు మొదటి ఉద్యోగం దొరకడానికే 38 రోజులు పోయాయి. ఏడు నెలలకు కంపెనీలో ప్రాజెక్టు ఆగిపోయింది. ఒక మంగళవారం మధ్యాహ్నం పదిహేను నిమిషాల మీటింగ్‌లో మా టీమ్ మొత్తాన్నీ తీసేశారు. చేతిలో 52 రోజులు, బ్యాంకులో 6,400 డాలర్లు.

అదే వారంలో కారు కింద పరిచిన అట్ట మీద అరచేయంత నల్ల మరక. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఆయిల్ కారుతోంది. ఒక షాపుకు తీసుకెళ్లాను. లిఫ్టు మీద ఎత్తి, కింద నుంచి టార్చి వేసి చూసి, రియర్ మెయిన్ సీల్ పోయిందన్నారు. అది క్రాంక్‌షాఫ్ట్ వెనకుండే సీల్. మార్చాలంటే గేర్‌బాక్స్ మొత్తం దించాలి. 1,150 డాలర్లు. అంటే నా ఒక నెల అద్దె కంటే ఎక్కువ. ఉన్నదున్నట్టు అమ్మేస్తే 3,000 వస్తాయేమోనని ఒక మిత్రుడు అన్నాడు. ఆ రాత్రి అమ్మకం ప్రకటన రాసి పెట్టుకున్నాను. పోస్ట్ చేయలేదు.

ఇంకో మిత్రుడు, ‘నీకు పని వచ్చు కదా, పక్కవాళ్ల కార్లు బాగుచేసి డబ్బు తీసుకో’ అన్నాడు. వీసా మీదున్నవాళ్లు ఇలాంటివి పెట్టుకోవద్దు. అది అనుమతి లేని ఉద్యోగం కిందికి రావచ్చు. నాలుగు వందల డాలర్ల కోసం స్టేటస్‌ను పణంగా పెట్టడం తెలివి కాదు.

మరుసటి రోజు నాన్నతో మాట్లాడుతూ ఆయిల్ సంగతి నోరు జారాను. నాన్న చేతక్‌ను నా చిన్నప్పటి నుంచి చూసిన మేస్త్రి విజయవాడ ఆటోనగర్‌లో ఉన్నారు. ఆ చేతక్‌ను పక్కకు వంచితే తప్ప స్టార్టయ్యేది కాదు. అదో కథ. నాన్న వెళ్లి ఆయన దగ్గర వీడియో కాల్ పెట్టారు. మేస్త్రి గారు మియాటాను జన్మలో చూడలేదు. వీడియోలో కింద తడి అంతా చూపించాను. షాపువాళ్లు చెప్పింది చెప్పాను. ఆయన అన్నది ఇదీ: ‘కింద చూస్తే కిందే కనపడుద్ది బాబూ. పైన చూశావా? నూనె పైకి కారదు గదా. అంతా కడిగి పొడిగా తుడిచి, పైనుంచి కిందికి చూసుకుంటా రా.’

డిగ్రీ ఆయనకు లేదు. రెండు డిగ్రీలున్న నాకు ఆ ఆలోచన రాలేదు.

అన్నవాళ్ల గ్యారేజీకి వెళ్లి డీగ్రీజర్‌తో ఇంజిన్ వెనక భాగమంతా కడిగాను. ఆయిల్‌లో యూవీ డై పోశాను. చిన్న సీసా, పార్ట్స్ షాపులో దొరుకుతుంది. 20 మైళ్లు తిప్పి వచ్చి, లైట్లు ఆర్పి, యూవీ టార్చి వేశాం. పసుపుపచ్చ గీత ఒకటి మెరిసింది. అది మొదలైంది కింద కాదు. సిలిండర్ హెడ్ వెనక, ఫైర్‌వాల్‌కు ఆనుకున్నట్టుండే కామ్ యాంగిల్ సెన్సర్ దగ్గర. అక్కడి నుంచి జారి, గేర్‌బాక్స్ కలిసే చోటుకు చేరి, రియర్ మెయిన్ సీల్ కారుతున్నట్టు వేషం వేస్తోంది. ఆ సెన్సర్ చుట్టూ ఒక ఓ-రింగ్ ఉంటుంది. రబ్బరు ఉంగరం. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి, ప్లాస్టిక్‌లా చదునైపోయింది. కొత్తదాని ధర 2 డాలర్లు.

మార్చడం కష్టం కాదుగానీ చెయ్యి దూరే చోటు కాదు. ఆ సెన్సర్ ఎటు తిరిగి ఉందన్న దాన్ని బట్టే స్పార్క్ టైమింగ్ ఉంటుంది. కాబట్టి విప్పే ముందే సెన్సర్ మీదా హెడ్ మీదా కలిసేలా తెల్ల పెయింటుతో ఒక గీత గీయాలి. 12 ఎంఎం బోల్టు ఒక్కటే. సెన్సర్ లాగి, పాత రింగు తీసి, కొత్తదానికి కాస్త ఆయిల్ రాసి ఎక్కించి, గీతకు గీత కలిపి బిగించాలి. తర్వాత టైమింగ్ లైటుతో 10 డిగ్రీలు ఉందో లేదో చూసుకోవాలి. వచ్చినవాళ్లకు గంట పని. నాకు నాలుగు గంటలు, రెండు వేళ్ల మీద చర్మం.

మూడు వారాలు అట్ట మీద చుక్క పడలేదు. ఆ షాపువాళ్లు మోసం చేశారని నేననను. ఈ కార్లలో చాలామంది పొరబడే చోటే అది. కాకపోతే గేర్‌బాక్స్ దించి, కొత్త సీల్ వేసి, 1,150 తీసుకున్నాక కూడా ఆయిల్ అలాగే కారేది.

ఇంటర్వ్యూలో ఏం జరిగింది

ఈ కారు నాకు ఉద్యోగం తెచ్చిపెట్టిందని రాస్తే మీకు నచ్చుతుందేమో. అలా రాయలేను. మొదటి రెండు ఇంటర్వ్యూల్లో ‘నాకు కార్లంటే ప్యాషన్, సొంతంగా మియాటా రిపేర్ చేసుకుంటాను’ అని చెప్పాను. ‘నైస్’ అన్నారు, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. రెండు చోట్లా రిజెక్ట్. ప్యాషన్ అన్న మాట రెజ్యూమెల్లో ఎంత అరిగిపోయిందో అప్పుడు అర్థమైంది.

మూడోది వెహికల్ టెస్టింగ్ ఉద్యోగం. ఇంటర్వ్యూ చేసిన ఆవిడ, ‘నువ్వు ఒక లోపాన్ని వెతికి పట్టుకున్న సందర్భం చెప్పు’ అని అడిగారు. కాలేజీ ప్రాజెక్టు చెప్పబోయి, ఆయిల్ సంగతి చెప్పాను. ప్యాషన్ గురించి ఏమీ అనలేదు. మరక ఎక్కడ, షాపు ఏమంది, నేను ముందు ఏం నమ్మాను, ఎందుకు తప్పు, ఎలా తేల్చాను.. ఇంతే. ఆవిడ మధ్యలో ఆపి, ‘సెన్సర్ పక్కనే వాల్వ్ కవర్ గాస్కెట్ మూల ఉంటుంది కదా, కారేది అది కాదని నీకెలా తెలుసు?’ అన్నారు. ఆవిడకు ఆ ఇంజిన్ తెలుసు! నా దగ్గర ఫొటో ఉంది. కవర్ అంచు పొడిగా ఉండటం, మెరుపు గీత దాని కింద సెన్సర్ మెడ దగ్గర మొదలవడం అందులో కనిపిస్తుంది. స్ప్రెడ్‌షీట్ తెరిచి చూపించాను. ‘అనుకున్న కారణం’ కాలమ్ చదివి నవ్వారు. తర్వాత ఇరవై నిమిషాలు నా తప్పుల మీదే మాట్లాడుకున్నాం.

41వ రోజున ఆఫర్ వచ్చింది. ఇంకా 11 రోజులు మిగిలున్నాయి. ఆ ఉద్యోగానికి కావాల్సిన వైబ్రేషన్ సబ్జెక్టు, మ్యాట్‌ల్యాబ్ నాకు వచ్చు. ఆ టీమ్‌లో ఆ వారం మనిషి అర్జెంటుగా కావాలి. ఏది ఎంత పని చేసిందో నాకు తెలియదు. అమ్మకం ప్రకటన మాత్రం డిలీట్ చేశాను.

ఇక నడిపే సంగతి

ఇంత చాకిరీ దేనికీ అంటే, మిషిగన్ ఉత్తరాన ఎం-119 అని ఒక రోడ్డుంది. హార్బర్ స్ప్రింగ్స్ నుంచి క్రాస్ విలేజ్ దాకా దాదాపు 20 మైళ్లు. మిషిగన్ సరస్సు ఒడ్డున సన్నగా మెలికలు తిరుగుతూ వెళ్తుంది. రెండు పక్కలా చెట్లు పైన కలిసిపోయి గుహలా ఉంటుంది, అందుకే చెట్ల సొరంగం అంటారు. అక్టోబర్‌లో ఆకులు రంగు మారినప్పుడు టాప్ దించి వెళ్లాలి. వేగం గంటకు 60 కిలోమీటర్లు కూడా దాటదు, దాటితే తప్పు కూడా. అయినా ప్రతి మలుపూ చేతికి, నడుముకి తెలుస్తుంది. పెద్ద కార్లలో 120లో వెళ్లినా అది రాదు. పోయిన వేసవిలో అమ్మానాన్న వచ్చారు. రెండే సీట్లు కాబట్టి ఒక్కొక్కరినే తిప్పాలి. నాన్న తలుపు పట్టుకుని బిగుసుకుని కూర్చున్నారు. అమ్మ చున్నీ తలకు చుట్టుకుని, ‘ఇంకో రౌండ్ వెయ్యి’ అంది.

వేగం సరదా తీర్చుకోవాలంటే ఆటోక్రాస్ ఉంది. పెద్ద ఖాళీ పార్కింగ్ లాట్‌లో ప్లాస్టిక్ కోన్లు పెట్టి, ఒక్కో కారును విడిగా పంపి టైమ్ చూస్తారు. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా వాళ్లు దేశమంతటా నడుపుతారు. నాకు ఎంట్రీ 50 డాలర్లయింది. హెల్మెట్ వాళ్లే ఇచ్చారు. నా క్లాసులో ఆఖరి నుంచి రెండోవాణ్ని. ఆఖరివాడు దారి తప్పాడు.

మన దగ్గర ఉన్నవాళ్లకు

మాజ్డా మన దేశంలో కార్లు అమ్మలేదు. స్వరాజ్ మాజ్డా బస్సులు, లారీలు తప్ప. మూడేళ్లు దాటిన సెకండ్‌హ్యాండ్ కార్లను మామూలుగా దిగుమతి చేసుకోనివ్వరు కాబట్టి మియాటా ఆశ పెట్టుకోకండి. కానీ ఇదే సరదాకి మన దగ్గర వేరే బళ్లున్నాయి. 2000ల మొదట్లో వచ్చిన హోండా సిటీ 1.5 వీటెక్, ఫియట్ పాలియో 1.6 లాంటి కార్లను ఇప్పటికీ ప్రేమగా పెంచుకునేవాళ్లున్నారు. బైకులైతే 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350, అంటే యమహా ఆర్‌డీ. 347 సీసీ, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. మొదటి బండిగా మాత్రం వద్దు, దాని ఊపుకు బ్రేకులు చాలవు.

కొనే ముందు రెండు పనులు చేయండి. ఒకటి, ఆర్‌సీ చూడండి. 15 ఏళ్లు దాటిన కారుకు ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, ఆ తర్వాత ప్రతి ఐదేళ్లకూ. ఆ ఖర్చు, తిరుగుడు అమ్మేవాడి మీదా మీ మీదా అని ముందే తేల్చుకోండి. రెండోది, బండి చూడకముందే ఒక హెడ్‌లైటు, ఒక క్లచ్ ప్లేటు, ఒక బంపర్ ఎక్కడ దొరుకుతాయో నాలుగు ఫోన్లు చేసి కనుక్కోండి. ఇంజిన్ సామాను ఎలాగోలా దొరుకుతుంది. బాడీ సామానే దొరకదు. ఉద్యోగం రాకముందు అప్పు చేసి మాత్రం కొనొద్దు. నేను జీతం వచ్చాకే కొన్నాను, అయినా 52 రోజులు నిద్ర పట్టలేదు. కొనే స్తోమత లేకపోతే మీ ఇంట్లో ఉన్న పాత స్కూటరు చాలు. కార్బురేటర్ విప్పి, ఫొటోలు తీసుకుంటూ, మళ్లీ బిగించండి. చివర్లో ఒక స్క్రూ మిగిలిపోతే రాసి పెట్టుకోండి.

నా కారు ఇప్పుడు అన్నవాళ్ల గ్యారేజీలో కవర్ కింద ఉంది. రోడ్ల మీద ఉప్పు చల్లుతున్నారు, ఏప్రిల్ దాకా బయటికి తీయను. వెనక ప్లాస్టిక్ అద్దం చలికి పగిలింది, టాప్ మొత్తం మార్చాలి. నీళ్ల గొట్టాలు ఇంకోసారి కడగాలి. కిందటి ఆదివారం అట్ట మీద మళ్లీ ఒక చుక్క కనిపించింది. ఈసారి చుక్క కుడివైపుంది. స్ప్రెడ్‌షీట్‌లో తేదీ, మైళ్లు రాశాను. ‘అనుకున్న కారణం’ ఇంకా ఖాళీగానే ఉంచాను.